పాత టీవీకి స్ట్రీమింగ్ పరికరం: డెల్టా ఇళ్లకు ఏది సరిపోతుంది

పాత టీవీకి ఓటీటీ పెట్టించుకోవాలనుకున్నవారు సాధారణంగా ఏ కంపెనీ స్టిక్కు (టీవీ వెనక తగిలించే చిన్న స్ట్రీమింగ్ పరికరం) మంచిదన్న ప్రశ్నతో మొదలుపెడతారు. నా ఉద్దేశంలో అది ఆఖరున అడగవలసిన ప్రశ్న. టీవీ వెనక ఏయే పోర్టులున్నాయి, ఇంటికి వచ్చే నెట్ ఎలాంటిది, రిమోటు రోజూ ఎవరి చేతిలో ఉంటుంది అన్న మూడు సంగతులు తేలితే కొనవలసిన వస్తువు దాదాపు తేలిపోయినట్టే. ఈ మూడూ తేల్చుకోకుండా అమలాపురంలోనో భీమవరంలోనో దుకాణానికి వెళ్తే, ఆ రోజు అక్కడ ఏది నిల్వ ఉందో అదే మంచిదని వినిపించుకుని రావలసి వస్తుంది.

పది, పన్నెండేళ్ల కిందట కొన్న టీవీలో బొమ్మ ఇంకా శుభ్రంగా వస్తున్నప్పుడు దాన్ని తీసేయడానికి మనసొప్పదు, తీసేయవలసిన అవసరమూ లేదు. కోనసీమలోనూ, నరసాపురం, పాలకొల్లు వైపూ చాలా ఇళ్లలో పిల్లలు హైదరాబాదులోనో కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు. ఇంట్లో పెద్దవాళ్లిద్దరే ఉంటారు. అలాంటి ఇంట్లో మూడు నుంచి ఐదు వేల రూపాయల లోపు ఏది పెడితే నాలుగేళ్ల పాటు ఎవరినీ పిలవకుండా నడుస్తుందో చూసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు టీవీ వెనక ఏముందో చూడాలి

గోడకు బిగించిన టీవీ వెనక తల పెట్టి చూడడం కుదరదు. సెల్‌ఫోను టార్చి వెలిగించి, కెమెరాను వీడియోలో పెట్టి, టీవీకీ గోడకూ మధ్యనున్న సందులో పైనుంచి కిందికి నెమ్మదిగా దించితే, దుమ్ము, సాలెగూళ్లు, బల్లిగుడ్లతో పాటు అక్కడున్న పోర్టులన్నీ వీడియోలో కనిపిస్తాయి. వాటిలో మనం వెతకవలసింది సుమారు సెంటీమీటరున్నర వెడల్పున, కింది రెండు మూలలూ లోపలికి నొక్కినట్టుండే పలుచటి పోర్టు. దాని పక్కన హెచ్‌డీఎంఐ అన్న అక్షరాలు అచ్చువేసి ఉంటాయి. అది ఒక్కటున్నా మార్కెట్లోని స్టిక్కులన్నీ పనిచేస్తాయి. ఉన్న ఒక్క పోర్టునూ డిష్ బాక్సు ఆక్రమించి ఉంటే, ఆ బాక్సును పసుపు, తెలుపు, ఎరుపు తీగలకు మార్చి పోర్టును ఖాళీ చేయవచ్చు, లేదా కొన్ని వందల రూపాయలకు దొరికే హెచ్‌డీఎంఐ స్విచ్ పెట్టి రెండింటినీ ఒకే పోర్టుకు కలపవచ్చు. పెద్దవాళ్లున్న ఇంట్లో మొదటి పద్ధతే నయం, ఎందుకంటే స్విచ్ పెడితే నొక్కవలసిన మీట ఇంకొకటి పెరుగుతుంది.

2008 తరవాత వచ్చిన ఎల్‌సీడీ, ఎల్‌ఈడీ టీవీల్లో ఎక్కువ భాగం హెచ్‌డీ రెడీ రకం, అంటే తెర మీద అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలుంటాయి. స్టిక్కు 1080పీ, అంటే నిలువుగా 1080 చుక్కల, బొమ్మ పంపినా టీవీ దాన్ని తనకు సరిపడా కుదించుకుంటుంది. 32 అంగుళాల తెరను ఎనిమిదడుగుల దూరంలో కుర్చీలో కూర్చుని చూసేవారికి 720పీకీ 1080పీకీ తేడా పట్టుకోవడం కష్టం. ఈ చిన్న సంగతి తెలిస్తే పరికరం మీదా, నెలనెలా చందా మీదా డబ్బు మిగులుతుంది. చందాల దగ్గర మళ్లీ దీని ప్రస్తావన వస్తుంది.

2012, 2016 సంవత్సరాల మధ్య స్మార్ట్ టీవీ అని ఎక్కువ ధర పెట్టి కొన్నవారికి వేరే చిక్కు ఉంది. అందులో యూట్యూబ్ తెరుచుకోదు, లేదా తెరుచుకున్నా తెర నల్లగా నిలిచిపోతుంది. టీవీ పాడైందనుకుని మెకానిక్కును పిలుస్తారు గాని, లోపం టీవీది కాదు. యాప్‌లు తయారుచేసేవారు ఆ పాత సాఫ్ట్‌వేర్‌ను వదిలేశారు. యూట్యూబ్ 2015లో తన పాత వ్యవస్థను మూసివేసినప్పుడు 2012కూ అంతకు ముందూ తయారైన టీవీలు చాలా వాటిలో ఆ యాప్ ఆగిపోయింది. నెట్‌ఫ్లిక్స్ 2019 డిసెంబరు నుంచి కొన్ని పాత శామ్‌సంగ్ టీవీల్లో రావడం మానేసింది. ఇలాంటి టీవీని స్మార్ట్ టీవీ అన్న సంగతే మరిచిపోయి, మామూలు తెరగా భావించి, హెచ్‌డీఎంఐ పోర్టుకు స్టిక్కు తగిలించడమే సరైన మార్గం. అలాంటి టీవీలకు తెర, స్పీకర్లు నాణ్యమైనవే ఉంటాయి కాబట్టి స్టిక్కు పెట్టిన ఫలితం అందరికన్నా వీరికే బాగా కనిపిస్తుంది.

పెట్టె టీవీ ఇంకా ఉన్నవారికి

వెనక పసుపు, తెలుపు, ఎరుపు గుంటలు తప్ప ఇంకేమీ లేని 21 అంగుళాల పిక్చర్ ట్యూబు టీవీకి స్టిక్కును నేరుగా పెట్టలేము. హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి, అంటే ఆ మూడు రంగుల గుంటలకు, మార్చే చిన్న కన్వర్టర్ పెట్టె ఒకటి మధ్యలో ఉండాలి. ఇక్కడ దుకాణాల్లో తరచు ఒక తప్పు జరుగుతుంది: హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చేదీ, ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేదీ ఒకే పరిమాణంలో, ఒకే రంగులో, ఒకేలాంటి అట్టపెట్టెల్లో వస్తాయి. మీద అచ్చువేసిన అక్షరాల్లో హెచ్‌డీఎంఐ ముందుండి, ఆ తరవాత ‘2’ అంకె, దాని తరవాత ఏవీ ఉన్నదే మనకు కావలసింది. రెండోది ఎన్ని సార్లు తగిలించినా బొమ్మ రాదు. ఆ పెట్టె పక్కన పాల్, ఎన్‌టీఎస్‌సీ అని రెండు వైపులా జరిగే బుల్లి మీట ఉంటుంది. మన దేశపు టీవీలకు దాన్ని పాల్ వైపు ఉంచాలి. కన్వర్టర్‌కు వేరుగా 5 వోల్టుల కరెంటు కూడా ఇవ్వాలి.

ఇంత చేసినా ఇబ్బందులు తీరవు. స్టిక్కు తెర మీది అక్షరాలు వెడల్పాటి హెచ్‌డీ టీవీని దృష్టిలో పెట్టుకుని తయారుచేసినవి కావడంతో ట్యూబు టీవీ మీద అవి చీమల్లాగా కనిపిస్తాయి. బొమ్మ నిలువుగా సాగినట్టు వస్తుంది, లేదా పైనా కిందా నల్లటి పట్టీలతో సన్నబడుతుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు కాపీ రక్షణది. చందా యాప్‌లు హెచ్‌డీసీపీ అనే తాళం సరిగా కుదిరితేనే బొమ్మను పంపుతాయి. చౌక కన్వర్టర్లలో కొన్నిటికి ఆ తాళం పడదు, అప్పుడు యూట్యూబ్ వస్తుంది గాని సినిమా యాప్‌లో మాట వినబడుతూ తెర మాత్రం నల్లగా ఉంటుంది. అందువల్ల ట్యూబు టీవీకి స్టిక్కు, కన్వర్టర్ కలిపి నాలుగు వేలు పెట్టమని నేను ఎవరికీ చెప్పను. ఆ డబ్బుకు ఇంకొంత కలిపితే 32 అంగుళాల కొత్త టీవీ ఓటీటీ యాప్‌లతో సహా వస్తుంది, లేదా ఆ డబ్బులోనే ఎవరో మార్చేసిన పాత ఎల్‌ఈడీ టీవీ దొరుకుతుంది. 32 అంగుళాల వరకూ టీవీల మీద జీఎస్టీ 2019 జనవరి నుంచే 18 శాతం. 2025 సెప్టెంబరులో తగ్గింది అంతకన్నా పెద్ద టీవీల పన్ను కాబట్టి, పన్ను తగ్గిందని చెప్పి చిన్న టీవీ అమ్మజూపితే ఆ మాటకు విలువ లేదు.

ట్యూబు టీవీనే ఉంచుకుంటామని పట్టుబట్టేవారికి ఒక దారి ఉంది. డిష్ కంపెనీలూ ఇంటర్నెట్ కంపెనీలూ ఇచ్చే ఆండ్రాయిడ్ బాక్సుల్లో కొన్నిటికి వెనక ఏవీ గుంట కూడా ఉంటుంది. తీసుకునే ముందు ఆ బాక్సును తిప్పి చూపించమని అడగాలి. అది ఉంటే కన్వర్టర్ గొడవ ఉండదు.

కొనక ముందు ఇంట్లో ఉన్నదేమిటో చూడాలి

మన డెల్టాకు ఫైబర్ నెట్ కొత్తది కాదు. ఏపీ ఫైబర్‌నెట్‌ను 2016 డిసెంబరులో ప్రారంభించింది సఖినేటిపల్లి మండలంలోని మోరి గ్రామంలోనే. నెలకు 149 రూపాయలకు నెట్, టీవీ, ఫోను అన్న మాటతో అది ఊరూరా వెళ్లింది. ఆ కనెక్షన్‌తో వచ్చిన బాక్సును చాలామంది కేబుల్ బాక్సుగానే వాడుతూ, యూట్యూబ్ కోసం వేరే స్టిక్కు వెతుకుతుంటారు. అన్ని బాక్సులూ ఒక రకం కావు. కొన్నిటిలో చానళ్లు మాత్రమే వస్తాయి, కొన్నిటిలో యాప్‌లు కూడా ఉంటాయి. రిమోటులో ఇల్లు గుర్తున్న మీట నొక్కి చూస్తే అర నిమిషంలో తెలిసిపోతుంది. జియో, ఎయిర్‌టెల్ వంటి సంస్థల బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్లలో కొన్నిటికి ఓటీటీ బాక్సును కనెక్షన్‌తో పాటే ఇస్తారు. తీసుకోకుండా వదిలేసినవారు కేబుల్ ఆపరేటరును గాని కంపెనీ ఆఫీసును గాని అడగవచ్చు. అయితే కనెక్షన్ మానేసినప్పుడు ఆ బాక్సు తిరిగి ఇవ్వవలసి ఉంటుందా, దానికి డిపాజిట్ ఎంత, వేరే కంపెనీ నెట్ మీద అది పనిచేస్తుందా అన్నవి ముందే కనుక్కోవాలి. కంపెనీ బాక్సు ఉచితమే గాని అది ఆ కంపెనీకే కట్టుబడి ఉంటుంది. స్టిక్కుకు డబ్బు పెట్టాలి గాని అది ఎక్కడికైనా వెంట వస్తుంది. రెండేళ్లకోసారి నెట్ మార్చే అలవాటున్న ఇంటికి స్టిక్కు, ఒకే ఆపరేటరు దగ్గర ఏళ్ల తరబడి ఉన్న ఇంటికి బాక్సు అని నేను చెబుతాను.

నెట్ లేని ఇంటికి ఏ స్టిక్కూ పనికిరాదు

ఫోను హాట్‌స్పాట్ మీద టీవీ నడుపుదామనుకునేవారు ఒక లెక్క వేసుకోవాలి. నెట్‌ఫ్లిక్స్ చెప్పే ప్రకారం సాధారణ నాణ్యతలో గంటకు 1 జీబీ వరకు, హెచ్‌డీలో గంటకు 3 జీబీ వరకు డేటా ఖర్చవుతుంది. మన సినిమా రెండున్నర గంటలు అనుకుంటే హెచ్‌డీలో ఏడు జీబీ దాటుతుంది. రోజుకు 2 జీబీ ఇచ్చే రీఛార్జితో ఇంటర్వెల్ వరకు కూడా రాదు. ఆ తరవాత వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోయి బొమ్మ ముందుకు కదలదు. 5జీ సిగ్నల్ బాగా ఉన్న చోట, రోజువారీ పరిమితి లేని ప్లాన్ ఉంటే ఈ లెక్క మారుతుంది. అప్పుడు కూడా ఆ ఫోను ఇంట్లోనే ఉండాలి. ఫోను జేబులో పెట్టుకుని ఇంటాయన చేలోకి వెళ్తే ఇంట్లో టీవీ ఆగిపోతుంది. చెరువు గట్టు మీద మకాంలో టీవీ పెట్టుకున్న ఆక్వా రైతులకు వేరే దారి లేదు కాబట్టి, వారు స్టిక్కు సెట్టింగుల్లో వీడియో నాణ్యతను కనిష్ఠానికి తగ్గించి వాడుకోవడం మేలు.

ఫైబర్ ఉన్న ఇంటికి వేగం సమస్య కాదు. 1080పీకి 5 ఎంబీపీఎస్ చాలు. సమస్య తెగిపోవడం. తీగ స్తంభం నుంచి ఇంటికి కొబ్బరి చెట్ల మధ్య నుంచి వస్తుంది, గాలివాన రోజున ఎండు మట్ట ఒకటి దాని మీద పడితే రెండు రోజులు నెట్ ఉండదు. గాలిలో సిగ్నల్ పంపే ఎయిర్‌ఫైబర్ రకానికి తీగ తెగే భయం లేదు గాని, టవరుకూ ఇంటికీ మధ్య దట్టమైన తోట ఉంటే, ముఖ్యంగా ఆకులు తడిసి ఉన్నప్పుడు, సిగ్నల్ బలహీనపడుతుంది. అందుకే స్టిక్కు పెట్టుకున్న వెంటనే డిష్ కనెక్షన్ తీసేయమని నేను సలహా ఇవ్వను. ఒక వానాకాలం గడిచాక తేల్చుకోవచ్చు.

మండువా లోగిళ్లలోనూ, పాత పెంకుటిళ్లలోనూ గోడలు మూరెడు మందం ఉంటాయి. అలాంటి గోడలు రెండు దాటి వెళ్లాలంటే 5 గిగాహెర్ట్జ్ వైఫై చాలదు, 2.4 గిగాహెర్ట్జ్ కాస్త మెరుగ్గా చేరుతుంది. రూటరు సావిట్లో, టీవీ పడకగదిలో ఉంటే స్టిక్కును 2.4కు కలపాలి, రెండూ ఒకే గదిలో ఉంటే 5కు కలపాలి. బొమ్మ ఆగి ఆగి వస్తోందని కొత్త స్టిక్కు కొనేవారిలో చాలామందికి నిజానికి మార్చవలసింది రూటరు ఉన్న చోటు.

ఇప్పుడు పరికరాల సంగతి

అన్నిటికన్నా చౌకగా, వెయ్యి రూపాయల లోపు దొరికేవి ఫోను తెరను టీవీ మీద చూపించే కాస్ట్ డాంగిళ్లు. వీటిలో సొంతంగా యాప్‌లేమీ ఉండవు. ఫోనులో కనిపించేదే టీవీలో కనిపిస్తుంది, ఫోను మోగితే సినిమా ఆగుతుంది, బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. చందా యాప్‌లు ఈ పద్ధతిని ఒప్పుకోక తెర నల్లగా చేసేస్తాయి. పైగా కొన్ని ఫోన్లలో ఈ డాంగిళ్లు ఆశ్రయించే మిరాకాస్ట్ సౌకర్యమే ఉండదు. పెళ్లి ఫొటోలూ వీడియోలూ నలుగురికీ చూపించడానికి ఇవి సరిపోతాయి. రోజూ టీవీ చూడడానికి పనికిరావు.

తరవాతి మెట్టు సాదా 1080పీ స్టిక్కులు. అమెజాన్ ఫైర్ టీవీ స్టిక్కుల్లో చౌక రకాలూ, షావోమీ తెచ్చిన ఎంఐ టీవీ స్టిక్ వంటివీ ఈ వరసలోవి. ధర ఆఫర్లను బట్టి సుమారు మూడు వేల నుంచి ఐదున్నర వేల వరకు మారుతూ ఉంటుంది; దసరాకు ముందూ, సంక్రాంతి దగ్గరా తగ్గుతుంది కాబట్టి తొందర లేనివారు ఆగవచ్చు. వీటిలో సాధారణంగా 1 జీబీ ర్యామ్, 8 జీబీ నిల్వ ఉంటాయి, ఆ 8లో మనకు మిగిలేది ఐదు జీబీ దరిదాపుల్లోనే. యూట్యూబ్, ఆహా, ఈటీవీ విన్, హాట్‌స్టార్, ఇంకొకటి రెండు వేసుకుని అక్కడ ఆపితే ఇవి చక్కగా నడుస్తాయి. మనవలు వచ్చి ఆటలు నింపి వెళ్లారంటే మీట నొక్కిన రెండు మూడు సెకన్లకు గాని తెర కదలదు.

4కే స్టిక్కులు (1080పీకి నాలుగింతల చుక్కలున్న బొమ్మ పంపేవి) పాత హెచ్‌డీ టీవీకి అనవసరమని అందరూ చెబుతారు. బొమ్మ వరకు అది నిజం. ఆ టీవీ మీద 4కే కనిపించదు. అయినా ఈ మాటను నేను పూర్తిగా ఒప్పుకోను, ఎందుకంటే 4కే రకాలు కొన్నిటిలో 2 జీబీ ర్యామ్, మెరుగైన ప్రాసెసర్ ఉంటాయి, నాలుగేళ్ల తరవాత యాప్‌లు బరువెక్కినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. షావోమీ టీవీ స్టిక్ 4కే అలాంటిది. ధరలో తేడా వెయ్యి రూపాయల లోపు ఉంటే, టీవీ పాతదైనా సరే, 2 జీబీ ర్యామ్ ఉన్నదే తీసుకోమంటాను. అయితే పేరులో 4కే ఉన్నంత మాత్రాన ర్యామ్ ఎక్కువని అనుకోకూడదు. 2025లో వచ్చిన ఫైర్ టీవీ స్టిక్ 4కే సెలెక్ట్‌లో 1 జీబీ ర్యామే ఉంది. పైగా అది ఆండ్రాయిడ్ ఆధారంగా కాక వేగా అనే అమెజాన్ సొంత వ్యవస్థ మీద నడుస్తుంది కాబట్టి, అమెజాన్ దుకాణంలో లేని యాప్‌ను బయటినుంచి తెచ్చి అందులో వేయడం కుదరదు. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలు కాక, వెనక చిన్న అక్షరాల్లో ర్యామ్ ఎంతో చదవాలి.

అమెజాన్ ఫైర్ టీవీనా, గూగుల్ వ్యవస్థ మీద నడిచే గూగుల్ టీవీనా అన్న తర్కంలో నా మొగ్గు గూగుల్ టీవీ వైపు కొద్దిగా ఉంటుంది, ఎందుకంటే ప్లే స్టోరులో తెలుగు యాప్‌లు ఎక్కువగా దొరుకుతాయి, ఇంట్లో ఆండ్రాయిడ్ ఫోన్లు వాడేవారికి అదే ఖాతా సరిపోతుంది. ఫైర్ టీవీ వైపు బలం ఏమిటంటే, అమ్మకాలు ఎక్కువ కాబట్టి రిమోటు పోయినా అడాప్టరు కాలినా రాజమహేంద్రవరం, కాకినాడ వెళ్లకుండానే దొరుకుతుంది. మనకు కావలసిన తెలుగు యాప్ ఆ పరికరపు దుకాణంలో ఉందో లేదో కొనకముందే ఆ యాప్ వెబ్‌సైటులో చూసుకోవాలి. గూగుల్ సొంత స్ట్రీమింగ్ పరికరాలైన క్రోమ్‌కాస్ట్‌ల తయారీ 2024 ఆగస్టులో ఆగిపోయింది. మిగిలిన సరకును తక్కువకు ఇస్తామన్నా ఇప్పుడు కొత్తగా కొనడానికి కారణం లేదు.

ఇక పేరూ ఊరూ లేని ఆండ్రాయిడ్ బాక్సులు. 8కే, 16 జీబీ, అన్ని చానళ్లూ జీవితాంతం ఉచితం అని రాసి రెండు వేలకు అమ్ముతారు. వీటికి గూగుల్ ధ్రువీకరణ ఉండదు కాబట్టి నెట్‌ఫ్లిక్స్ వంటివి రానే రావు, లేదా మసక బొమ్మతో వస్తాయి. అంతకన్నా పెద్ద ప్రమాదం ఏమిటంటే, ఫ్యాక్టరీ నుంచే హానికర సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన బాక్సుల ఉదంతాలు 2023లోనే బయటపడ్డాయి. బ్యాడ్‌బాక్స్ అని పేరుపడ్డ ఈ ముప్పు గురించి అమెరికా ఎఫ్‌బీఐ 2025 జూన్‌లో ప్రజలను హెచ్చరించింది. ఆ బాక్సు మన వైఫైలో కూర్చుని, మనకు తెలియకుండా ఇతరుల మోసాలకు మన నెట్‌ను వాడుకోనిస్తుంది. అదే వైఫై మీద ఫోన్‌పే, బ్యాంకు యాప్ నడుస్తున్న ఇంట్లో దీన్ని ఉచితంగా ఇచ్చినా పెట్టకూడదు.

గల్ఫ్ నుంచి పిల్లలు తెచ్చే స్టిక్కుల గురించి ఒక మాట చెప్పాలి. అడాప్టరు మీద 100–240 వోల్టులని ఉంటే కరెంటుతో ఇబ్బంది లేదు, ఆ మూడు చదరపు పుల్లల ప్లగ్గుకు మాత్రం మన సాకెట్‌లో పట్టే అడాప్టరు వేయాలి. అసలు చిక్కు ఖాతాది. అక్కడి దేశపు ఖాతాతో అది ముడిపడి ఉంటే ఇక్కడి యాప్‌లు కొన్ని దుకాణంలో కనిపించవు. ఇంట్లోవాళ్ల భారతీయ నంబరుతో ఇక్కడి ఖాతా తెరిచి, స్టిక్కును ఫ్యాక్టరీ రీసెట్ చేసి, ఆ ఖాతాతో మొదటినుంచి మొదలుపెడితే చాలావరకు సర్దుకుంటుంది. ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుందన్నది కూడా అప్పుడే ఆలోచించుకోవాలి. కువైట్‌లో నిద్రపోతున్న అబ్బాయి ఫోనుకు వస్తే ఇక్కడ టీవీ తెరుచుకోదు.

రిమోటు

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని పెద్దవాళ్లున్న ఇంట్లో అన్నిటికన్నా ముఖ్యమైనది. ఫైర్ టీవీ స్టిక్ లైట్ రిమోటులో టీవీని ఆపే మీట గాని, శబ్దం పెంచే మీట గాని లేవు. దానితో ఒక రిమోటు చాలదు, రెండు పట్టుకోవాలి. నాలుగైదు వందలు ఎక్కువైనా ఆ మీటలున్న రిమోటు వచ్చే రకమే తీసుకోవాలి. మీ టీవీ మెనూలో సీఈసీ (ఒక రిమోటుతో రెండింటినీ నడిపే) సౌకర్యం ఉందేమో కూడా చూడండి. శామ్‌సంగ్ దాన్ని ఎనీనెట్ ప్లస్ అనీ, ఎల్‌జీ సింప్‌లింక్ అనీ, సోనీ బ్రావియా సింక్ అనీ, పానసోనిక్ వియెరా లింక్ అనీ పిలుస్తాయి. దాన్ని ఆన్ చేస్తే స్టిక్కు రిమోటు నొక్కగానే టీవీ కూడా లేచి తనంతట తానే సరైన పోర్టుకు మారుతుంది. తాతయ్యగారికి సోర్సు అన్న మీట గురించి ఇక చెప్పనక్కర్లేదు.

మాటతో వెతకడం అందరికీ పనికొస్తుందని ప్రకటనల్లో చెబుతారు. అలెక్సా హిందీ, ఇంగ్లీషు అర్థం చేసుకుంటుంది గాని తెలుగు మాటలకు అలవాటుపడలేదు; సినిమా పేరు చెబితే పట్టుకోవచ్చు, మామ్మగారు మాట్లాడే వాక్యాన్ని పట్టుకోలేదు. ఆమెకు కావలసిన తిరుమల ఎస్వీబీసీ ప్రసారమో, అన్నమయ్య కీర్తనలో యూట్యూబ్‌లో సబ్‌స్క్రైబ్ చేసి పెట్టి, ఆ యాప్‌ను తెర మీద మొదటి వరసలో మొదటి గడిలోకి జరిపి ఉంచితే, మాటతో పనిలేకుండా రెండు నొక్కుల్లో చేరుకుంటుంది.

చందాలు

పరికరం కొన్నాక చాలామందికి ఎదురయ్యే నిరాశ ఇక్కడుంది. మొబైల్ ప్లాన్ టీవీలో పనిచేయదు. నెట్‌ఫ్లిక్స్ 149 రూపాయల మొబైల్ ప్లాన్, ప్రైమ్ వీడియో మొబైల్ ఎడిషన్ ఫోనుకే పరిమితం. రీఛార్జితో ఉచితంగా వచ్చే ఓటీటీ చందాల్లో కూడా ఫోనుకు మాత్రమే అని షరతుండేవి ఉంటాయి, చదివి చూసుకోవాలి. నెట్‌ఫ్లిక్స్ 199 రూపాయల బేసిక్ ప్లాన్ టీవీలో వస్తుంది, నాణ్యత 720పీ. మీది 1366, 768 చుక్కల టీవీ అయితే అంతకన్నా ఖరీదైన ప్లాన్‌కు కట్టే డబ్బు తెర మీద కనిపించదు. చందా ఏదీ లేకుండానే యూట్యూబ్ ఉంటుంది, ప్రసార భారతి 2024 నవంబరులో తెచ్చిన వేవ్స్ యాప్‌లో ఉచితంగా చూసేవి ఉన్నాయి. సీరియళ్లూ వార్తలూ తప్ప ఏమీ చూడని ఇంటికైతే డీడీ ఫ్రీ డిష్ లేదా ఉన్న కేబులే చాలు. అలాంటి ఇంటికి స్టిక్కు కొనిపెట్టడం పిల్లల సరదాయే.

బిగించేటప్పుడు

స్టిక్కు కరెంటు తీగను టీవీ యూఎస్‌బీ పోర్టుకు గుచ్చే అలవాటు ఎక్కువ. పాత టీవీల యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది సగం ఆంపియరు, స్టిక్కు అడిగేది ఒక ఆంపియరు. దాంతో సినిమా మధ్యలో అది ఆరిపోయి మళ్లీ మొదటినుంచి వెలుగుతుంది, మనం స్టిక్కు పాడైందని తిరిగి పంపేస్తాము. అట్టపెట్టెలో వచ్చిన అడాప్టరునే గోడ ప్లగ్గులో పెట్టాలి. అది పోతే కొత్తది కొనేటప్పుడు దాని మీద బీఐఎస్ గుర్తు, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయేమో చూడాలి. గోడకు మరీ దగ్గరగా ఉన్న టీవీకి, స్టిక్కుతో పాటు వచ్చే చిన్న ఎక్స్‌టెండర్ తీగ వాడితే పోర్టు మీద బరువు పడదు, వేడి తగ్గుతుంది, వైఫై కూడా మెరుగ్గా అందుతుంది. అంతర్వేది, ఓడలరేవు వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి లోహపు మొనలు త్వరగా చిలుము పడతాయి కాబట్టి, ఏడాదికోసారి స్టిక్కును ఊడదీసి పొడిగుడ్డతో తుడిచి పెట్టడం మంచిది. ఉరుములు మొదలైనప్పుడు టీవీ ప్లగ్గుతో పాటు స్టిక్కు అడాప్టరునూ రూటరు అడాప్టరునూ కూడా తీయాలి. కరెంటు తరచు పోయే చోట రూటరుకు 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెడితే, ఇన్వర్టరు మీద టీవీ నడుస్తున్నా నెట్ లేక బొమ్మ ఆగిపోయే ఇబ్బంది తప్పుతుంది.

మొదటి రోజున బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే కంగారు పడనక్కర్లేదు. పాత టీవీలు కొన్ని డాల్బీ శబ్దాన్ని విప్పుకోలేవు. స్టిక్కు సెట్టింగుల్లో శబ్దం విభాగానికి వెళ్లి డాల్బీ ఆపేసి, స్టీరియో లేదా పీసీఎం అన్నదాన్ని ఎంచుకుంటే వినిపిస్తుంది. తెర అంచులు కోసుకుపోయినట్టు కనిపిస్తే స్టిక్కు డిస్‌ప్లే సెట్టింగుల్లో తెర కొలతలు సరిచేసే చోటు ఉంటుంది, అక్కడ నాలుగు మూలలూ కనిపించేదాకా జరుపుకోవచ్చు. ఈ రెండూ సరిచూసేదాకా బిల్లునూ అట్టపెట్టెనూ పారేయకండి. ఆన్‌లైనులో కొన్నది తిప్పి పంపడానికి గడువు కొద్ది రోజులే ఉంటుంది, ఊళ్లో దుకాణంలో కొన్నదానికి వారంటీ అడగాలన్నా జీఎస్టీ బిల్లు చూపించవలసిందే.